టెక్సాస్‌లో ఆదివారం

మన కాలేజీలో చదువు ముగించుకొని అమెరికా ప్రయాణం కట్టేవారు ఏటా కొందరు ఉంటూనే ఉన్నారు. వారిలో చాలామంది చేరుతున్నది టెక్సాస్ రాష్ట్రంలో. వీసా సంగతి, ఫీజుల సంగతి, ఉద్యోగాల సంగతి చెప్పేవాళ్ళు మన ఊళ్ళో వీధికొకరున్నారు. అక్కడ ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు మనిషి ఏం చేస్తాడో చెప్పేవాళ్ళు మాత్రం నాకు కనబడలేదు. "పొలం తాకట్టు పెట్టి పంపిస్తుంటే ఇంక షికార్ల గొడవేమిటి?" అని పెద్దలకు కోపం రావచ్చు. వచ్చినా సరే, రాయక తప్పదు. ఎందుకో కాస్త ముందుకు పోతే పాఠకులకే తెలుస్తుంది.

నేను హైదరాబాదు దాటి ఎక్కడికీ పోయినవాణ్ణి కాను. మా అక్క పెళ్ళయి డల్లాస్ పక్క ఊళ్ళో కాపురముంటోంది. మా సీనియర్ అన్నయ్యలు ఇద్దరు హ్యూస్టన్‌లో ఉన్నారు. వాళ్ళను అడిగి అడిగి విసిగించి తెలుసుకున్నదీ, పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ రాష్ట్రం ఎంతదో మనసుకి పట్టాలి. టెక్సాస్ విస్తీర్ణం 6,95,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. విడిపోకముందు మన ఆంధ్రప్రదేశ్ రెండున్నర ఇందులో ఇమిడిపోతాయి. తూర్పు కొసన ఉన్న బోమాంట్ నుంచి పడమటి కొసన ఉన్న ఎల్ పాసోకి 1,300 కిలోమీటర్ల పైచిలుకు. డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కి సుమారు 385 కిలోమీటర్లు. దాన్ని వాళ్ళు "పక్కనే" అంటారట. 1836 నుంచి 1845 దాకా అది అసలు ఒక స్వతంత్ర దేశం. ఆ గర్వం ఇప్పటికీ పోలేదని మా అన్నయ్య అంటాడు. నక్షత్రమొక్కటే ఉన్న ఆ జెండా కార్ల దుకాణం మీదా ఎగురుతుంది, కోళ్ళ ఫారం మీదా ఎగురుతుంది.

ఇంత వెడల్పు నేల మీద కారు లేనివాడు కాళ్ళు లేనివాడే. న్యూయార్కులోలాగా దిగి ఎక్కేందుకు రైళ్ళు టెక్సాస్‌లో ప్రతి చోటా లేవు. డల్లాస్‌లో డార్ట్ అనే రైలు 1996 నుంచి నడుస్తున్నా, మనవాళ్ళు ఎక్కువగా కాపురముండే ఉత్తరపు శివార్లలో చాలా ఇళ్ళకు అది అందదు. రోడ్డు పక్కన కాలిబాట ఉన్నట్టే ఉండి అర్ధాంతరంగా గడ్డిలో కలిసిపోతుంది. కొత్తగా స్థిరపడేవారు 90 రోజుల్లోగా టెక్సాస్ డ్రైవింగు లైసెన్సు తీసుకోవాలని రూలు. రూలు కోసం కాకపోయినా తమ కోసం తీసుకోవాలి.

ఇక్కడ మా అక్క మాట చెబుతాను. అక్క మా ఊళ్ళో స్కూటీ మీద ఒంగోలు దాకా వచ్చి డిగ్రీ చదువుకున్న మనిషి. మా నాన్నకి పురుగుమందులు తేవాలన్నా, మా అమ్మని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా అదే. అలాంటిది, అక్కడికి వెళ్ళాక బావ పొద్దున కారు తీసుకొని ఆఫీసుకి పోతే సాయంత్రం దాకా రెండో అంతస్తు అపార్ట్‌మెంటులో ఒక్కతే. దగ్గరి దుకాణం ఆరు వరుసల రోడ్డుకి అవతల ఉంది. తనకి పనిచేసే అనుమతి కూడా లేదు. ప్రతి ఆదివారం నాన్న ఫోనులో "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగేవాడు. "ఏం లేదు నాన్నా" అనేది. ఎనిమిది నెలలు అదే జవాబు. ఒకరోజు ఫోను పెట్టేశాక నాన్న "పిల్ల గొంతు మారిందిరా" అన్నాడు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. తీరిక అనేది అన్నం తిన్నాక మిగిలే విలాసం అనుకునేవాణ్ణి నేను కూడా. గొంతు మారిన సంగతి విన్నాక ఆ అభిప్రాయం నిలవలేదు.

అక్క బయటపడింది మొదట లైబ్రరీ వల్ల. అక్కడ ఊరూరా మునిసిపల్ లైబ్రరీ ఉంటుంది. ఆ ఊళ్ళో ఉంటున్నట్టు రుజువు చూపిస్తే కార్డు ఉచితం. పుస్తకాలు ఒక్కటే కాదు, కొత్తగా వచ్చినవారికి ఇంగ్లీషు మాట్లాడే తరగతులు, పిల్లలకు కథలు చెప్పే గంట, కుట్టు పనివాళ్ళ కూటమి, ఇవన్నీ చాలా లైబ్రరీల్లో నడుస్తాయి. కొన్నిచోట్ల విత్తనాలు కూడా ఇస్తారట. అక్కడ పరిచయమైన ఒక మెక్సికో దేశపు ఆవిడ అక్కకి కారు నేర్చుకొమ్మని నూరిపోసింది. లైసెన్సు వచ్చిన రోజున అక్క పంపిన ఫోటో మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉంది.

సరే, కారు వచ్చింది. ఎక్కడికి పోవాలి?

మనలాంటి పల్లెటూరివాళ్ళకి అలవాటేమిటంటే, ఊరు దాటగానే పొలం గట్టు దొరుకుతుంది, ఎవరి గట్టు అని అడక్కుండా నడుచుకుంటూ పోతాం. టెక్సాస్‌లో ఆ పని చేయరాదు. అక్కడి భూమిలో నూటికి 95 వంతుల దాకా ప్రయివేటు ఆస్తి. ముళ్ళకంచె ఉంటే సంగతి తెలుస్తుంది. కంచె లేకుండా చెట్టుకో గుంజకో ఊదారంగు గీత ఒకటి పూసి ఉంటే అది కూడా "లోపలికి రావద్దు" అనే అర్థం. 1997లో చేసిన చట్టం అది. గీత ఎంత పొడుగుండాలో, నేల నుంచి మూడు అడుగులకూ అయిదు అడుగులకూ మధ్య ఉండాలనీ కూడా చట్టంలోనే రాశారు. తుపాకీ ఇంట్లో ఉండడం అక్కడ మామూలు. 2021 నుంచి 21 ఏళ్ళు నిండినవారిలో చాలామందికి పిస్తోలు వెంట ఉంచుకోవడానికి పర్మిట్ కూడా అక్కరలేదు. కాబట్టి ఊదా గీత కనబడితే వెనక్కి తిరగడమే.

అందుకే అక్కడ స్టేట్ పార్కులకు అంత విలువ. ఏడాది పాసు ఒకటి కొనుక్కుంటే ఆ కారులో కూర్చున్నవారందరికీ ప్రవేశ రుసుము ఉండదు. నలుగురు విద్యార్థులు కలిసి కొనుక్కుంటే కాఫీ ఖర్చు. ఆస్టిన్‌కి పడమరగా ఎన్‌చాంటెడ్ రాక్ అని ఒక గులాబిరంగు గ్రానైటు గుండు ఉంది, చుట్టుపక్కల నేల నుంచి 425 అడుగుల ఎత్తు. మా చీమకుర్తిలో అయితే ఈపాటికి బల్లలుగా కోసి ఓడ ఎక్కించేవాళ్ళం. వాళ్ళు దాని మీదికెక్కి సూర్యాస్తమయం చూస్తారు. సెలవు రోజుల్లో ముందుగా రిజర్వు చేసుకోకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. ఇంకా దూరం పోగలిగినవారికి రియో గ్రాండే నది వంపులో బిగ్ బెండ్ జాతీయ వనం ఉంది, 1944లో ఏర్పాటైంది. అక్కడి చీకటి అంత చిక్కనిది కాబట్టి పాలపుంత మన చిన్నప్పుడు డాబా మీద కనబడినట్టు కనబడుతుందట. పట్నం పిల్లలకు ఈ పోలిక తెలియకపోవచ్చు, క్షమించాలి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో రోడ్ల పక్కన నీలం తివాచీ పరిచినట్టు బ్లూబానెట్ పూలు పూస్తాయి. 1901 నుంచి అది ఆ రాష్ట్రపు పువ్వు. జనం పిల్లల్ని పూలమధ్య కూర్చోబెట్టి ఫోటోలు తీస్తారు. మనవాళ్ళయితే పట్టుచీరలతో సహా. ఈ మొక్క మన పిల్లిపెసరకీ జనుముకీ చుట్టమే, చిక్కుడు కుటుంబం. వేళ్ళ మీద బుడిపెలు, వాటిలో నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు, అంతా అదే. అందుకే సున్నపురాతి పేదనేలలో కూడా అంత దట్టంగా వస్తుంది. కూర్చునే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, గిలకపాము. రెండు, మెత్తని మట్టిగుట్టల్లా కనబడే నిప్పుచీమల పుట్టలు. రెండోదాని బాధితులే ఎక్కువ.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటుకి వస్తాను. జనవరి, ఫిబ్రవరిల్లో ఫోర్ట్‌వర్త్‌లోనూ, మార్చిలో హ్యూస్టన్‌లోనూ పశువుల ప్రదర్శనలు, రోడియోలు జరుగుతాయి. ఫోర్ట్‌వర్త్‌ది 1896లో మొదలైంది, హ్యూస్టన్‌ది 1932లో. రోడియో అంటే మన బండలాగుడు పందేలకి పెద్దన్న అనుకోండి. దుమికే ఎద్దు మీద ఒంటిచేత్తో పట్టు పట్టి 8 సెకన్లు కూర్చోవాలి. నాకు నచ్చిన న్యాయం ఏమిటంటే, మొత్తం నూరు మార్కుల్లో సగం మనిషికి, సగం ఎద్దుకి. ఎద్దు బాగా దుమకకపోతే మనిషి ఎంత బాగా కూర్చున్నా పైకి రాలేడు.

మూడేళ్ళ క్రితం అక్కా బావా హ్యూస్టన్ వెళ్ళి అక్కడి పశువుల పాకలో ఒక తెల్లని ఆబోతు ఫోటో తీసి పంపించారు. ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు. మా తాతయ్య కళ్ళద్దాలు తెప్పించుకొని చాలాసేపు చూసి, "మూపురం మనదే, చెవులు మనవి కావు" అన్నాడు. నేను పుస్తకాలు తిరగేస్తే తాతయ్య మాట అక్షరాలా నిజమని తేలింది. ఆ పశువు పేరు అమెరికన్ బ్రాహ్మన్. మన ఒంగోలు, గుజరాతు గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ జాతుల రక్తం కలిపి అక్కడివాళ్ళు తయారుచేసుకున్న జాతి. మన ఒంగోలుని వాళ్ళు నెల్లూరు అంటారు. ఆ వేలాడే పొడుగు చెవులు గుజరాతు వైపు నుంచి వచ్చినవి, ఒంగోలు ఎద్దు చెవి పొట్టి. 1906లో టెక్సాస్ పశువుల రైతులు ఇండియా నుంచి నేరుగా ఓడలో పశువుల్ని దిగుమతి చేసుకున్నారు. 1924లో ఈ జాతి పెంపకందారులు సంఘం పెట్టుకున్నారు.

ఇంతదూరం నుంచి ఎందుకు తెచ్చుకున్నారంటే, ఇంగ్లండు జాతుల పశువులు ఆ ఎండకీ పిడుదులకీ తట్టుకోలేకపోయాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాన్ని "టెక్సాస్ జ్వరం" అనేవారు. ఒక జబ్బు పురుగు కాటు ద్వారా పాకుతుందని మొట్టమొదట 1893లో రుజువైంది ఈ జ్వరం విషయంలోనే; మా జువాలజీ మాస్టారు ఈ ముక్క మాకు చెప్పలేదు. మన పశువుకి పొట్టి నున్నని వెంట్రుక, వదులు చర్మం, ఎక్కువ చెమట గ్రంథులు. అది ఎండలో మేస్తూ ఉంటుంది, ఇంగ్లండు ఆవు నీడకి చేరి రొప్పుతూ ఉంటుంది. రోడియోలో దుమికే ఎద్దుల్లో కూడా చాలావాటిలో ఈ మూపురపు రక్తం ఉంది. మా ఇంట్లో కోడెల జత అమ్మేసి ట్రాక్టరు కొన్నది నాకు పదేళ్ళప్పుడు. టెక్సాస్ పోయి ఒంగోలు ఎద్దు మనవడికి దణ్ణం పెట్టుకునే రోజు వస్తే బాగుండునని ఉంటుంది.

అయితే ఒకటి ముందే తెలుసుకొని పోవాలి. అక్కడ బడిపిల్లలు దూడని తెచ్చి, పేరు పెట్టి, కడిగి, దువ్వి, ఏడాది పైన పెంచి ప్రదర్శనకి తీసుకొస్తారు. గెలిచినది వేలంలో పోతుంది. 2022లో హ్యూస్టన్‌లో మొదటి బహుమతి ఎద్దు 10 లక్షల డాలర్లు పలికింది. ఆ సొమ్ము పిల్లల చదువులకి పోతుంది. పశువు మాత్రం కబేళాకి పోతుంది. వేలం అయ్యాక పాకలో ఎద్దు మెడ పట్టుకొని ఏడ్చిన ఒక పిల్లని అక్క చూసిందట. మాంసం కోసం పెంచి మెడ పట్టుకొని ఏడవడం ఏమిటని బావ నవ్వాడు. ముసలి ఎద్దుని సంతలో అమ్మి ఇంటికొచ్చి మాట్లాడకుండా పడుకున్న రైతులు మా ఊళ్ళో ఉన్నారు. నాకు నవ్వు రాలేదు.

తిండి దగ్గర కూడా ఇదే జాగ్రత్త. వాళ్ళు గర్వంగా పెట్టే బ్రిస్కెట్ అంటే ఆవు రొమ్ము మాంసం, సన్న సెగ మీద పొగలో రాత్రంతా వండుతారు. చిల్లీ అంటే మిరపకాయ అనుకొని అడిగేరు, అది మాంసం వంట. 1977 నుంచి ఆ రాష్ట్రపు అధికార వంటకం కూడాను. మెక్సికో హోటళ్ళలో చిక్కుడు గింజల ముద్దలో పందికొవ్వు వేసే అలవాటుంది, అడిగి తినాలి. మొహమాటం వద్దు, అడిగితే విసుక్కోకుండా చెబుతారట. మనకి చుట్టాల్లాంటి వంటలూ ఉన్నాయి. బెండకాయ వేపుడు దక్షిణపు రాష్ట్రాల్లో ఇంటింటి వంట. జనవరి ఒకటిన అలసందలు తింటే ఏడాదంతా కలిసివస్తుందని అక్కడి నమ్మకం. మా అమ్మ ఈ మాట విని ఈ సంవత్సరం అలసంద వడలు చేసింది, ఫలితం ఇంకా చూడాలి.

ఆస్టిన్ వెళితే సాయంత్రం కాంగ్రెస్ ఎవెన్యూ వంతెన మీద నిలబడండి. ఆ వంతెనని 1980లో బాగుచేసినప్పుడు అడుగున సన్నని సందులు మిగిలాయి. గబ్బిలాలకి అవి సరిగ్గా సరిపోయాయి. వసంతంలో మెక్సికో నుంచి వచ్చి, చలికి ముందు తిరిగిపోతాయి. ఎండాకాలంలో సుమారు 15 లక్షలు ఉంటాయంటారు. పొద్దుగూకగానే పొగలాగా బయటికి లేస్తాయి. మొదట జనం భయపడి తరిమెయ్యమన్నారట, ఇప్పుడు అదే జనం దుప్పట్లు పరుచుకొని చూస్తున్నారు. ఈ గబ్బిలాలు తినే రెక్కపురుగుల్లో మొక్కజొన్న కంకినీ పత్తికాయనూ తొలిచే పురుగు తల్లి ఒకటి. మన శనగపచ్చ పురుగుకి అది సొంత దాయాది. మా నాన్న దాని కోసం మందు కొట్టి కొట్టి అప్పులపాలైన సంవత్సరం నాకు గుర్తుంది. అంచేత ఈ గబ్బిలాల ముచ్చట నాకు షికారు కబురులా అనిపించదు. చూడండి గాని, నేల మీద పడి ఉన్నదాన్ని చేత్తో ముట్టుకోకండి. రేబిస్ ఉండవచ్చు.

శుక్రవారం రాత్రి సంగతి కూడా చెప్పాలి. ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా హైస్కూలు పిల్లల ఫుట్‌బాల్ ఆట ఊరంతటికీ తిరనాళ్ళు. డల్లాస్‌కి ఉత్తరాన మనవాళ్ళు బాగా ఉన్న ఆలెన్ అనే ఊళ్ళో 2012లో కట్టిన స్కూలు స్టేడియంలో 18,000 మంది పడతారు. స్కూలు స్టేడియం అండీ! ఆట అర్థం కాకపోయినా బ్యాండు మేళం చూడవచ్చు. పక్కింటివారితో మాట కలపడానికి ఇంతకన్నా దారి లేదు. క్రికెట్టు కావాలా, డల్లాస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీ మైదానం ఉంది. 2024 జూన్‌లో ప్రపంచకప్పులో అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించింది అక్కడే.

మనవాళ్ళ గుళ్ళు, సంఘాల గురించి ఎక్కువ రాయనక్కరలేదు, వెళ్ళిన వారంలోనే ఎవరో ఒకరు తీసుకుపోతారు. హ్యూస్టన్ దగ్గర పేర్లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి, ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమంతుడి గుడి ఉన్నాయి. ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘంవారు "నెల నెలా తెలుగు వెన్నెల" పేరుతో సాహిత్య సభలు జరుపుతున్నారు. మన ఊళ్ళో సభ పెడితే కుర్చీలు ఖాళీ! ఒకటి మాత్రం నా అభిప్రాయంగా చెబుతాను. శనివారం ఒకరింట్లో పుట్టినరోజు, ఆదివారం ఇంకొకరింట్లో గృహప్రవేశం, మధ్యలో సినిమా, ఇలా ఏళ్ళు గడిపేసినవారు ఉన్నారు. వాళ్ళకి పక్కింటాయన పేరు తెలియదు.

నీళ్ళ విషయం తమ్ముళ్ళు శ్రద్ధగా చదవాలి. మన పిల్లలు అమెరికాలో సరస్సుల్లో, జలపాతాల్లో మునిగిపోయిన వార్త పేపర్లో ప్రతి ఎండాకాలమూ చూస్తున్నాం. దిగుడుబావిలో ఈత నేర్చినవాడికి ధీమా ఎక్కువ. టెక్సాస్‌లో పెద్ద సరస్సులు దాదాపు అన్నీ ఆనకట్టలు కట్టి నిలిపినవే. అడుగున మునిగిన చెట్లుంటాయి, ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే నేల ఒక్కసారిగా జారిపోతుంది. గాల్వెస్టన్ సముద్రంలో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఎవరూ నవ్వరు. యూనివర్సిటీలో ఈతకొలను ఉంటుంది, దాని ఖర్చు మామూలుగా మీ ఫీజులోనే కలిసి ఉంటుంది; ముందు అక్కడ నేర్చుకోండి. కొండ ప్రాంతపు నదుల పక్కన డేరా వేసుకునేవారు 2025 జూలై 4 తెల్లవారుజామున గ్వాడలూపె నదికి వచ్చిన వరదని తలుచుకోవాలి. గంట తిరిగేలోగా నీళ్ళు ఇరవై అడుగులకు పైగా లేచాయి. ఆ నాటి వరదల్లో టెక్సాస్ మొత్తం మీద 130 మందికి పైగా చనిపోయారు, వారిలో వేసవి శిబిరంలో నిద్రపోతున్న చిన్నపిల్లలున్నారు. వాగు రోడ్డు మీద పారుతుంటే కారుతో దాటే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు.

ఎండ మనకి కొత్త కాదు. అయినా 2011లో డల్లాస్‌లో 38 డిగ్రీలు దాటిన రోజులు 71. వేసవిలో ఆటలన్నీ తెల్లవారుజామునే. ఆస్టిన్‌లో బార్టన్ స్ప్రింగ్స్ అనే ఊట కొలనులో మాత్రం ఏడాది పొడుగునా నీళ్ళు 20, 21 డిగ్రీల దగ్గరే ఉంటాయి. భూమిలోపలి సున్నపురాతి పొరల్లోంచి వచ్చే నీళ్ళు మరి. చలికాలంలో ఒక్కోసారి తల్లకిందులవుతుంది. 2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీలకు దిగి, రాష్ట్రంలో లక్షల ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేకుండా పోయింది. దుప్పట్లు, తాగేనీళ్ళు ఇంట్లో దాచి ఉంచుకోవాలి.

అక్కకి ఇప్పుడు ఊరి ఉమ్మడి తోటలో చిన్న మడి ఉంది, ఏడాదికి కొంత అద్దె. గోంగూరకి ఆ ఎండంటే ప్రాణం, నడుమెత్తు పెరిగిందట. వంకాయ, బెండ, దోస వేసింది. మార్చి నడిమికి మంచు భయం పోతుంది, అప్పుడు విత్తుకోవాలి. నవంబరులో మొదటి మంచు పడిన రాత్రి గోంగూర నల్లబడిపోతుంది. పోయిన ఆదివారం నాన్న ఫోను చేసి "ఏం చేస్తున్నావమ్మా?" అంటే, గోంగూరకి పిండినల్లి పట్టిందని అరగంట మాట్లాడింది. నాన్న వేపనూనె కొట్టమన్నాడు.

ఆ తోట చూసి ఇక్కడి నుంచి విత్తనాలు, మొక్కలు సంచిలో వేసుకొని పోదామనుకునేవారు జాగ్రత్త. విత్తనాలకు ఆరోగ్య ధృవపత్రం, అనుమతి కావాలి, విమానాశ్రయంలో చెప్పితీరాలి. పచ్చి కరివేపాకు అసలు వద్దు. నిమ్మజాతి చెట్లను చంపే జబ్బుని మోసే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది, టెక్సాస్ దక్షిణపు కొసన బత్తాయి, పంపర తోటలున్నాయి. కరివేప మొక్క అక్కడి నర్సరీలోనే కొనుక్కొని కుండీలో పెంచుకోవచ్చు. నవంబరు రాగానే ఆ కుండీని ఇంట్లోకి తెచ్చుకోవాలి.